అటకమీది యినుపపెట్టె

2021వ సంవత్సరమున సంక్రాంతికి ముందు ఇల్లు దులిపించుచు, అటకమీది సామానులన్నియు క్రిందికి దింపించితిని. అందులో మా మామగారి కాలపు ఇనుపపెట్టె యొకటి యుండెను. మూత తీయగనే పుల్లని ఘాటైన వాసన గదియంతయు నిండెను. ప్రక్కగదిలో జపము చేసికొనుచున్న మా అత్తగారు, "అమ్మాయీ! ఊరగాయజాడీ యేదో చెడినట్లున్నది, చూడు" అనిరి. జాడీలన్నియు మూతలు తీసి చూచితిని. అన్నియు బాగుగనే యున్నవి. వాసన పెట్టెనుండియే వచ్చుచుండెను.

పెట్టెనిండ ఫొటోఫిల్ములు. మా మామగారు నీటిపారుదలశాఖలో ఓవర్సీయరుగా చేరి ఇంజనీరుగా విరమించినవారు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన మరుసటి యేట అక్కడ కొలువున ప్రవేశించి, తరువాత శ్రీశైలమునకు మారి, ఉద్యోగకాలమంతయు కృష్ణయొడ్డుననే గడపిరి. వారికి చుట్ట లేదు, చీట్లాట లేదు. ఉన్న వ్యసనమొక్కటియే, కెమేరా. మొదట అగ్‌ఫా క్లిక్ అను చిన్న కెమేరా యుండెడిది. 1971లో అమెరికాలోనున్న వారి తమ్ముడు ముప్పదియైదు మిల్లీమీటర్ల కెమేరాయును, దానితోపాటు కోడాక్రోము అను రంగుల ఫిల్మును పంపెను. ఫిల్ము కొనుటకు జీతములోనుండి ఎట్లో మిగుల్చుకొనెడివారు గాని, కాగితముపై అచ్చువేయించుటకు మిగిలెడిది కాదు. కావున తీసినవానిలో చాలభాగము నెగెటివులుగనే యుండిపోయినవి. నేను కాపురమునకు వచ్చిన 1984 నాటికే ఆ పెట్టెకు తాళము పడియుండెను. 2011లో మామగారు పోయినపిమ్మట ఆ తాళమును తీసినవారు లేరు.

మూడుదినములు కూర్చుండి లెక్కవేసితిని. పాత క్లిక్ కెమేరాతో తీసిన వెడల్పు ఫిల్ములు 62 చుట్టలు, ఒక్కొక్కదానిలో పండ్రెండు బొమ్మలు. ముప్పదియైదు మిల్లీమీటర్లవి 118 చుట్టలు, చుట్టకు ముప్పదియారు. అట్టచట్రములలో బిగించిన రంగుల స్లైడులు 860. మొత్తము 5852 బొమ్మలు. మా వారు ఆ లెక్క విని, "ఇన్ని యెవరు చూచెదరు? పదియో పండ్రెండో మంచివి యేరి తక్కినవి పారవేయుము" అనిరి. ఆయన మాట సబబుగానే తోచెను. కాని నెగెటివును కంటితో చూచి మంచిదేదో చెడ్డదేదో చెప్పుట యెట్లు? నలుపు తెలుపై, తెలుపు నలుపై, అందరును ప్రేతములవలె కనబడుదురు.

అప్పుడు మా అత్తగారు ఒక్కమాట యనిరి. "అమ్మాయీ, అందులో మా పుట్టింటి వాకిలి ఎక్కడనైన ఉన్నదేమో చూడు."

ఆమె పుట్టిల్లు నందికొట్కూరు ప్రాంతమున కృష్ణాతీరపు గ్రామము. శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలువబెట్టినపుడు, 1981లో, చుట్టుపట్ల అనేక గ్రామములతోపాటు అదియు మునిగినది. ఊరివారిని ముందే ఖాళీ చేయించిరి. మా మామగారు ఆ ప్రాజెక్టులోనే ఇంజనీరు. అత్తగారి తండ్రి ఊరు విడిచిన యేడాదిలోపున పోయిరి. అప్పటినుండి మా యింట శ్రీశైలము పేరు భగవంతుని దర్శనమునకు తప్ప మరియొక విధముగ ఎత్తెడివారు కారు. ఇది నాకు కాపురమునకు వచ్చిన మొదటినెలలోనే తెలిసినది. ఎవరును చెప్పలేదు. కోడలికి ఇట్టివి చెప్పనక్కరలేదు గదా!

మరియొక సంగతి. అత్తగారికి కొన్నియేండ్లుగా నడిమిచూపు తగ్గుచున్నది. శుక్లము కాదు, కోసి తీసివేయుటకు. కంటిలోపలి వెనుకపొర వయస్సుచే అరుగుటవలన కలిగినది. ఎదుటివారి ముఖము కనబడదు, చుట్టునున్నవి కనబడును. పెద్ద టీవీపై బొమ్మ వేసినచో, తల యొకింత ప్రక్కకు త్రిప్పి పోల్చుకొనగలరు. ఆ పాటి చూపైనను ఎన్నాళ్లుండునో వైద్యుడు చెప్పలేదు. కావున నాకు తొందర రెండువైపులనుండి వచ్చినది, ఆమె కన్ను ఒకవైపు, పెట్టెలోని వాసన మరియొకవైపు.

వాసన కథ ఇది. పాతకాలపు ఫిల్ము ఎసిటేటు అను పదార్థముతో చేసెడివారు. ఉక్కకును వేడికిని అది మెల్లగ విరిగి, వినెగరులో నుండు ఆమ్లమే దానినుండి వెలువడును. ఆ ఆమ్లము మరల ఫిల్మునే తినును. అనగా చెడుట మొదలైనపిమ్మట చెడుట యింకను వేగమగును, ప్రక్కనున్న మంచి ఫిల్మును గూడ చెరుపును. కుళ్లిన మామిడిపండు గంపనంతయు చెరచినట్లే. అందులోను మామగారు తొమ్మిది చుట్టలను గాలి చొరకుండ బిస్కత్తుల డబ్బాలో మూసి దాచిరి. భద్రమని వారి తలంపు. ఆవిరి బయటికి పోవు దారిలేక ఆ తొమ్మిదియే అన్నిటికంటె ఎక్కువ చెడినవి. వెడల్పు ఫిల్ములవి, పైన పేరు లేదు, తేదీ లేదు. వానిని వేరుచేసి, పలుచని కాగితపు కవరులలో నుంచి, గాలి తగులు చల్లని బీరువా అరలో పెట్టితిని. తక్కినవి వేరొక బీరువాలో.

ఇక యంత్రము మాట. మొట్టమొదట నేను చేసినది తెలివితక్కువ పని. ఏడువేల రూపాయలకు అరచేతిలో పట్టునంత యంత్రమొకటి తెప్పించితిని. బొమ్మ యొకటికి మూడు సెకన్లు చాలునని దాని పెట్టెపై వ్రాసియుండెను. నిజమే, మూడు సెకన్లే పట్టినది. అది స్కానరు కాదు, లోపల చిన్న దీపము, దానిపై చిన్న కెమేరా, అంతియే. తెల్లచీర కట్టినవారి చీరమడతలన్నియు సున్నపుగోడవలె అయ్యెను. నీడనున్న వారి ముఖములు బొగ్గయ్యెను. నాలుగువైపుల అంచులు కోసివేసి, గుంపులో కొసనున్న వారికి చేతులు మాత్రమే మిగిల్చెను. సినిమారీలువంటి సన్నఫిల్ము తప్ప వెడల్పుది అందులో దూరనే దూరదు. దానిని తిరిగి పంపుటకు గడువు దాటిపోయెను. ఇప్పుడది మా మనుమల ఆటవస్తువు.

రెండవ పొరపాటు ఇంకను పెద్దది. నగరములోని ఒక దుకాణమువారు ఇట్టి పని చేసిపెట్టుదురని విని, పది కవరులు వారికిచ్చితిని. నెలదినములకు తొమ్మిది కవరులు తిరిగివచ్చినవి. అడిగినచో "అంతే యిచ్చినారమ్మా" అనిరి. నా చేత రసీదు లేదు, రసీదుపై ఎన్ని కవరులో వ్రాయించుకొనలేదు. రానిదానిపై మామగారు పెన్సిలుతో "చిన్నమ్మాయి అక్షరాభ్యాసము, 1973" అని వ్రాసియుంచిరి. చిన్నమ్మాయి అనగా మా ఆడపడుచు. ఆమెతో చెప్పుటకు నాకు రెండునెలలు పట్టినది. బంగారము అప్పగించునపుడు తూకము వేయించి వ్రాయించుకొను మనము, అంతకంటె తిరిగిరాని వస్తువును సంచిలో పోసి యిచ్చి వత్తుము.

అందుచేత పని ఇంటనే జరుగవలయునని నిశ్చయించుకొంటిని. మా ఆడపడుచు కుమారుడు హైదరాబాదులో నున్నాడు, ఫొటోలయందు ఆసక్తి గలవాడు. తల్లి అక్షరాభ్యాసము పోయినదని విని కోపగింపక, "అత్తయ్యా, ఈసారి కొనుటకు ముందు నన్ను అడుగుము" అని, ఒక ఆదివారము వచ్చి నా యెదుట కూర్చుండి యంత్రముల జాతులన్నియు విప్పి చెప్పినాడు. నాకర్థమైనంత మీకును చెప్పెదను. మీలో చాలమంది యిండ్ల అటకలమీద ఇట్టి పెట్టెలుండకపోవు.

కేవలము ఫిల్ముకొరకే చేసిన స్కానరులు కలవు. ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ అనునవి అట్టివి. సూక్ష్మవివరము చక్కగ పట్టును, స్లైడులలోని చిక్కని నీడలలోపలికిని చూడగలవు. కాని వానిలో చాలభాగము సన్నఫిల్ముకు మాత్రమే పనికివచ్చును, పైగా చాలవానిలో ఒక్కొక్క బొమ్మను చేతితో ముందుకు త్రోయుచు ప్రక్కనే కూర్చుండవలయును. నికాన్ కంపెనీవారు కూల్‌స్కాన్ అను పేర పూర్వము చేసినవి మిక్కిలి ప్రసిద్ధములు. వానిలో ఒకదానికి ఏబది స్లైడులు ఒక్కసారి అమర్చు తొట్టిగూడ నుండెడిది. కాని ఆ కంపెనీవారు వాని తయారీ మానివేసి చాల యేండ్లైనది. ఒకరు వాడినదానిని కొనవలయును, చెడినచో బాగుచేయువారిని వెదకవలయును. పాత కారు కొన్నవారి అవస్థ నేనెరుగుదును, దానికి తలయొగ్గలేదు.

మూడవది, మామూలు కాగితపు స్కానరువలె బల్లపరుపుగ నుండి, మూతలో దీపము గలది. మేము చూచినది ఎప్సన్ వి600. సన్నఫిల్ము బొమ్మలు ఒకమారు పండ్రెండు, స్లైడులైనచో నాలుగు, వెడల్పు ఫిల్మైనచో రెండు బొమ్మల ముక్క దానిలో పట్టును. నాలుగవది స్కానరే కాదు. మంచి డిజిటల్ కెమేరాకు దగ్గరి వస్తువులను తీయు కటకము తగిలించి, క్రింద తెల్లని దీపపుపలక పెట్టి, దానిపై ఫిల్మునుంచి ఫొటో తీయుట. ఇది అన్నిటికంటె వేగము. చేయి తిరిగినవాడు గంటలో వందలకొలది తీయును. మేనల్లుని మొగ్గు దీనిమీదనే. "నీకు కెమేరా నేనిచ్చెదను, పదిదినములలో అయిపోవును" అన్నాడు.

నేను ఆలోచించితిని. పదిదినములు పొద్దస్తమానము కెమేరావద్ద నిలువబడుటకు నాకు వ్యవధి యెక్కడిది? పొద్దున కాఫీ, టిఫిను, అత్తగారి మందులు, మధ్యాహ్నపు వంట, వచ్చెడివారు, పోయెడివారు. నా చేతిలో నున్న కాలము పదినిమిషములు, పదినిమిషములుగ తునుకలై యున్నది. పండ్రెండు బొమ్మలు అమర్చి మీట నొక్కి వంటయింటిలోనికి పోయినచో, పప్పు ఉడికి పోపు పెట్టులోపున తనపని తాను చేసికొను యంత్రమే నాకు తగినది. అది నెమ్మదిదని మేనల్లుడు వెక్కిరించెను. నెమ్మదిదైనను నన్ను కట్టివేయదు. ఏ యంత్రమునైనను కొనునపుడు అది యెంత వేగముగ పనిచేయునని అడుగుదురు. అది పనిచేయుచున్నంతసేపు మనమెక్కడ నుండవలయునో ఎవరును అడుగరు.

ఇక రెండవ కారణము, ఆ 62 వెడల్పు చుట్టలు. వానిలో నేమున్నదో అప్పటికి మాకు తెలియదు. పాత నలుపుతెలుపు, పేర్లు లేనివి, చెడుచున్నవి. "వానిని వదలివేసినచో శ్రేష్ఠమైన ఫిల్ముస్కానరు కొనవచ్చును" అని మా వారు గూడ అనిరి. ఆ మాట దాదాపు అంగీకరించితిని. బిస్కత్తు డబ్బా గుర్తువచ్చి మానుకొంటిని. ఏమున్నదో తెలియని దానిని అంత జాగ్రత్తగ ఎవరు మూసిపెట్టుదురు?

కొనునపుడు ఒక చిక్కు. ఈ యంత్రముల పెట్టెలపై అంగుళమునకు 6400 చుక్కలని, అంతకంటె ఎక్కువని గొప్ప అంకెలు వ్రాసియుండును. బల్లపరుపు జాతిలో ఆ అంకెకును నిజముగ కనబడు వివరమునకును చాల దూరము. నాల్గవవంతు దక్కినను దక్కినట్లే. దానిని నమ్మి 6400 పెట్టి స్కాను చేసినచో బొమ్మ మెరుగుపడదు, కంప్యూటరు మాత్రము నిండును. నేను లెక్క కట్టితిని. అట్లు చేసిన ఒక్క సన్నఫిల్ము బొమ్మయే కుదింపక దాచినచో 165 మెగాబైట్లు. నాయొద్దనున్న 4248 బొమ్మలకు ఏడువందల గిగాబైట్లు. అదియే 2400 పెట్టినచో బొమ్మకు 23, అన్నియు కలిపి నూరు గిగాబైట్లకు లోపు. ఆ 2400లోనే బొమ్మకు డెబ్బదియేడు లక్షల చుక్కలు వచ్చును. పదకొండంగుళముల పొడవు, ఏడున్నర అంగుళముల వెడల్పుగల ఫొటో చక్కగ అచ్చువేయించుకొనవచ్చును. గోడనంటించు నిలువెత్తు పటము మనకెందులకు?

యంత్రము వచ్చినది. అమర్చవలసిన వాయిలెన్నియో కాగితముపై వేసితిని. సన్నఫిల్ముకు 354, స్లైడులకు 215, వెడల్పు ఫిల్ముకు 372, మొత్తము 941. వాయి అను మాట గారెలకు చెల్లును గాని దీనికి చెల్లునా యని మా వారు నవ్విరి. దినమునకు నాలుగు వాయిల చొప్పున ఎనిమిదినెలలు.

చేతులకు నూలుతొడుగులు, దుమ్ము నూదుటకు రబ్బరుబుడ్డి, అంతకంటె వేరు పరికరములు లేవు. నోటితో ఊదరాదు, తుంపరలు పడును. కొన్నిటిపై బూజు సాలెగూడువలె పట్టియుండెను. నీటితో తుడువబోయి ఆగితిని, అదియే నా భాగ్యము. బూజు తినిన చోట ఫిల్ముపై నుండు జిలాటిను పొర నీటికి కరగిపోవును, బొమ్మ బూజుతోపాటు కొట్టుకొనిపోవును. మెత్తని కుంచెతో పైపైన దులిపి ఊరకుంటిని.

ఈ యంత్రమున ధూళిమచ్చలను తనంతట తానే తుడిచివేయు ఉపాయమొకటి కలదు. కంటికి కనబడని పరారుణకిరణమును ఫిల్ముగుండ పంపును. రంగుల ఫిల్ములోని రంగులు ఆ కిరణమును అడ్డవు. దుమ్ము, గీత మాత్రమే అడ్డును. ఎచ్చట అడ్డుపడెనో అచ్చట మచ్చయని గ్రహించి సరిచేయును. రంగుల నెగెటివులలో అది చేసిన పని చూచి ముచ్చటపడితిని. ఆ ముచ్చటలోనే నలుపుతెలుపు చుట్టలు ఏడింటిని అట్లే చేసివేసితిని. చూడగా మనుష్యుల ముఖములు మైనము కరగినట్లు, కనుబొమలు చెదరినట్లు నున్నవి. యంత్రము చెడినదని హడలిపోయితిని. చెడలేదు. నలుపుతెలుపు ఫిల్ములో బొమ్మ వెండికణములతో ఏర్పడును. వెండి ఆ కిరణమును అడ్డును. కావున యంత్రము మా బంధువులనందరిని దుమ్ముగా నెంచి తుడిచివేయబూనినది! కోడాక్రోము స్లైడులకును ఆ ఉపాయము సరిగా పట్టదు. ఆ మీట ఆపి ఏడు చుట్టలు మరల చేసితిని, అయిదుదినముల పని వృథా.

కోడాక్రోము మాట వచ్చినది గనుక ఒక్కటి చెప్పవలయును. 1935లో బయలుదేరిన ఆ ఫిల్మును 2009లో మానివేసిరి. దానిని కడుగు చివరి శాల అమెరికాలో కాన్సాసు రాష్ట్రమున 2010 కడపట ఆ పని ముగించినది. మామగారు తీసిన చుట్టలను వచ్చిపోవువారి చేత ఆ దేశమునకే పంపి కడిగించెడివారట. చీకటిలో దాచినచో దాని రంగు చెక్కుచెదరదు. ఏబదియేండ్లనాటి స్లైడులో మా ఆడపడుచు పరికిణీ నిన్న కొన్నట్లు ఎఱ్ఱగ నున్నది. దాని ప్రక్కనున్న వేరొక జాతి స్లైడులలో అందరును గులాబిరంగు తిరిగిపోయిరి.

ముందు చేయవలసినవి చెడుచున్న తొమ్మిది చుట్టలు గదా, వానిని వెనుకకు పెట్టితినేమని మీరడుగవచ్చును. వానియందు చేయి పెట్టుటకు భయపడితిని. ఇతరములపై చేయి తిరిగినపిమ్మట, మూడవవారమున, వానిని తీసితిని. చుట్టలు వెదురుబద్దలవలె బిగుసుకొనియుండెను. విరుగుటకు సిద్ధముగ నున్నవానిని బలవంతపెట్టక, తక్కినవానిని కవరులలో నుంచి లావైన నిఘంటువు క్రింద వారము దినములు అణచియుంచితిని. ఫిల్ము కుంచించుకొనిపోయి పైపొర ముడుతలు పడి, కొన్ని బొమ్మలు పోయినవి. 108లో 91 దక్కినవి.

మొదటి ముక్క తెరపైకి వచ్చినది. ఒక వీధి. తరువాత ఒక యిల్లు. మరియొక యిల్లు. ప్రతి బొమ్మలోను ఒక యింటి ముంగిలి, గోడపై సున్నముతో వ్రాసిన అంకె, వాకిట ఆ యింటివారు నిలుచుండిరి. పెండ్లి కాదు, పండుగ కాదు. ఎవరును నవ్వుటలేదు. అట్లు వరుసగ ఊరంతయు ఇంటి తరువాత ఇల్లు. మా వారు వచ్చి నా భుజముమీదుగ చూచి, "ఇది అమ్మమ్మగారి ఊరు" అని మరి మాటాడలేదు. ఆ అంకెలు నష్టపరిహారమునకై యిండ్లకు వేసినవి.

సాయంకాలము అత్తగారిని టీవీ యెదుట కూర్చుండబెట్టితిమి. ఆమె తల ప్రక్కకు వాల్చి చూడసాగిరి. పదునాలుగవ బొమ్మవద్ద ఆపుమనిరి. చాలసేపు చూచి, "మా యిల్లువలెనే యున్నది గాని మాది కాదు. మా అరుగు వాకిటికి ఎడమచేతివైపు. ఇది కుడివైపున నున్నది" అనిరి. ఆ మాటతో నా గుండె జారినది. ఆమెకు జ్ఞాపకము తప్పినదేమో అని క్షణము అనుకొంటిని, ఇప్పుడు చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. మరల చూచితిని. అరుగుపై కూర్చున్న ముసలమ్మ పైట కుడిభుజముపై నున్నది. ప్రక్కన నిలుచున్న పెద్దమనిషి జందెమును కుడిభుజమునుండియే వ్రేలాడుచున్నది. అనగా తప్పు నాది! ఫిల్మునకు ఒకవైపు మెరుపు, రెండవవైపు మసక. ముడుతలు పడిన ఫిల్ములో ఏది యేదో తెలియక తలక్రిందుచేసి పెట్టితిని. బొమ్మ అద్దములో చూచినట్లు ఎడమ కుడియైనది. కంప్యూటరులో ఒక్కమీట నొక్కి త్రిప్పితిని. అరుగు ఎడమవైపునకు వచ్చెను.

ఆ అరుగుపై నున్నది అత్తగారి తల్లి. నిలుచున్నది తండ్రి. అత్తగారు కంటనీరు పెట్టుకొనలేదు. "ఈయన యెప్పుడు వెళ్లినారు?" అని మాత్రము అడిగిరి. ఎవరు చెప్పగలరు? వారి ఊరు లేచిపోవుటకు ముందు మామగారు ఒంటరిగ పోయి, ప్రతి యింటియెదుట నిలిచి ఒక్కొక్క ఫొటో తీసి, అచ్చువేయింపక, భార్యకు చూపక, డబ్బాలో మూసిపెట్టి ముప్పదియేండ్లు బ్రదికిరి. ఆయన చూపుటకు వెరచిరో, ఆమె చూచుటకు ఒప్పుకొనదనుకొనిరో. కొంతసేపటికి అత్తగారు, "ముందుది వేయుము" అనిరి. వేసితిని. "ఇది కంసాలివారిది. తరువాతది వారి దాయాదులది" అని, అంకెలు నేను చదువుచుండగ, ఇండ్లవారి పేర్లు చెప్పుచు పోయిరి. రాత్రి తొమ్మిదైనను భోజనమునకు లేవలేదు.

మరునాటినుండి పని తీరు మారినది. బొమ్మ పేరులో సంవత్సరము, చుట్ట అంకె, బొమ్మ అంకె వ్రాసి, దాని క్రింద ఆమె చెప్పిన పేర్లు తెలుగులోనే చేర్చుచుంటిని. అన్నియు మూడుచోట్ల దాచితిమి: ఇంటి కంప్యూటరులో ఒకటి, విడి డిస్కులో ఒకటి, హైదరాబాదులో మేనల్లునివద్ద ఒకటి. ఫిల్ములను పారవేయలేదు. ఎనిమిది నెలలనుకొన్నది పదునొకండు నెలలు పట్టినది. పిమ్మట నెమ్మదిగ, ఆ ఊరివారు స్థిరపడిన చోట్లకు వార్త పోయినది. ఇద్దరు ముగ్గురు ఫోను చేసి తమ యింటి బొమ్మ అడిగి అచ్చువేయించుకొనిరి. ఒకామె తన తండ్రిని ఫొటోలో చూచుట అదియే మొదటిసారి యని చెప్పినది.

మా ఆడపడుచు అక్షరాభ్యాసము మాత్రము దొరకలేదు. స్లైడులలో ఆ దినమునాటిది ఒక్కటి కనబడెను. పలకలేదు, పిల్లలేదు, గుమ్మమునకు కట్టిన మామిడితోరణము, అరటిచెట్టు మాత్రమున్నవి. ఆమె దానినే పటము కట్టించుకొనినది.

అత్తగారికి ఎనుబదియైదు దాటినవి. ఇప్పుడు టీవీపై గూడ ఆమెకు ముఖములు తెలియుటలేదు. నేను అంకె చదివినచో ఇల్లు ఆమెయే చెప్పును. 91లో పదునేడిండ్లు ఎవరివో ఆమెకును గుర్తురాలేదు. ఆ ఊరి మునసబుగారి వంశమువా డొకాయన, పెద్దవారు, తాను చెప్పగలనని కబురంపిరి. ఉగాది వెళ్లినపిమ్మట వత్తురట. ఆ పదునేడింటిని వేరొక సంపుటముగ చేసి యుంచితిని.